స్మార్టు డిమ్మరు: గుణదోష విచారణ

అమలాపురమునకు చేరువనున్న బండారులంక చేనేతకు పేరుపొందిన ఊరు. నేతపనివారి ఇంటిలో వెలుగు ఒక్క తీరుగా ఉండిన చాలదు. మగ్గముమీద పోగు తెగినచో దానిని వెదకి ముడివేయుటకు గట్టి వెలుతురు కావలెను. పిల్లలు చదువుకొను చోట అంత లేకున్నను, కన్నులకు శ్రమ కలిగించని వెలుతురు కావలెను. రాత్రివేళ ముసలివారు మంచినీళ్ళకు లేచినపుడు కాలికి తగులునది కనబడునంత మసక వెలుతురు చాలును. ఒకే ఇంటిలో మూడు విధముల వెలుగు! ఈ అవసరము బండారులంకకు మాత్రమే కాదు, ఏ ఊరి గృహస్థునకైనను ఉన్నదే.

ఈ అవసరమును తీర్చునని చెప్పబడుచు అంగళ్ళలోనికి వచ్చిన సాధనము స్మార్టు డిమ్మరు. గోడమీది మామూలు స్విచ్చి దీపమును వెలిగించును, ఆర్పును. అంతకు మించి చేయజాలదు. డిమ్మరు వెలుగును కావలసినంతకు తగ్గించును, పెంచును. స్మార్టు డిమ్మరు ఈ పనినే ఫోను ద్వారాను, నోటిమాట ద్వారాను, ముందుగా నిర్ణయించిన వేళకు తనంత తానుగాను చేయును. ఇట్టి పరికరముల పొగడ్తలలో సాధారణముగా మూడు మాటలు వినబడును: కరెంటు ఆదా అగును, ఏ దీపమునకైనను పనికివచ్చును, ఎవరైనను సులభముగా బిగించుకొనవచ్చును. ఈ మూడింటిలో నిజమెంతయో భౌతికశాస్త్ర దృష్టితో పరిశీలించుట మంచిది. ఏలయన, దీనిని మెచ్చువారును, ఈసడించువారును కూడ దాని 'స్మార్టు' గుణమునే చూచుచున్నారు గాని 'డిమ్మరు' గుణమును అంతగా చూచుట లేదు. కొన్న డబ్బు నిలుచునదియు, మునుగునదియు ఆ రెండవ గుణమునందే.

వెలుగు తగ్గుట ఎట్లు?

పాఠశాల ప్రయోగశాలలో వెలుగు తగ్గుటను రియోస్టాటుతో చూపుట అలవాటు. బల్బుతో శ్రేణిగా నిరోధమును కలిపి దానిని పెంచుచు పోయినచో ప్రవాహము తగ్గును, బల్బు మసకబారును. పూర్వము నాటకశాలలలో రంగస్థలముపై క్రమముగా చీకటి కల్పించుటకు నిరోధపు తీగచుట్టలను, ఉప్పునీటి పాత్రలను ఈ రీతిగానే వాడిరి. అయితే నిరోధము కొంత శక్తిని తానే వేడిగా మార్చి వ్యర్థము చేయును. వెనుకటి కాలపు ఫ్యాను రెగ్యులేటరు పెట్టెను చేతితో తాకినవారికి ఆ వేడి తెలిసినదే.

నేటి డిమ్మరు పనిచేయు తీరు వేరు. 1959లో అమెరికాలో జోయెల్ స్పైరా అను నతడు అర్ధవాహకముతో పనిచేయు గృహోపయోగ డిమ్మరును రూపొందించెను. 1961లో లూట్రాన్ సంస్థను స్థాపించి దానిని అమ్మకమునకు తెచ్చెను. ఆ పద్ధతి సారమిది. ఇండ్లకు వచ్చునది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. దాని పౌనఃపున్యము సెకనుకు 50 ఆవృత్తములు. ఒక్కొక్క ఆవృత్తమున రెండు అర్ధతరంగములు ఉండును గనుక సెకనుకు 100 అర్ధతరంగములు. ఒక్కొక్కదాని కాలము 10 మిల్లీసెకన్లు. డిమ్మరులోని ట్రయాక్ అను అర్ధవాహక ద్వారము ప్రతి అర్ధతరంగ ప్రారంభమునందు మూసియుండి, కొంత ఆలస్యముగా తెరచుకొనును. తరంగము సున్నకు దిగినపుడు మరల మూసుకొనును. ఆ ఆలస్యము 5 మిల్లీసెకన్లయినచో ప్రతి అర్ధతరంగములో సగభాగమే దీపమునకు చేరును.

కోనసీమ రైతునకు ఈ భేదమును ఇట్లు చెప్పవచ్చును. బోదెకు అడ్డముగా మట్టివేసి నీటిని సన్నగిల్లజేయుట ఒక పద్ధతి. తూము తలుపు తెరచుచు, మూయుచు, వంతుల ప్రకారము నీరు వదలుట మరియొక పద్ధతి. రియోస్టాటు మొదటిది, ట్రయాక్ రెండవది. వంతు సెకనుకు నూరుసార్లు మారుచుండుటచే కంటికి ఆ ఎడము సాధారణముగా కనబడదు. పాఠము రియోస్టాటుతోనే ఆగిపోయినయెడల విద్యార్థి గోడలోని డిమ్మరును కూడ ఒక నిరోధమనియే తలచును. తరంగము కోయబడుచున్నదను సంగతి తెలియనిచో ఇకముందు చెప్పబోవు చిక్కులేవియు బోధపడవు.

మొదటి మాట: కరెంటు ఆదా

ఫిలమెంటు బల్బును తగ్గించినపుడు ఆదా తప్పక కలుగును. కాని వెలుగు తగ్గినంతగా ఖర్చు తగ్గదు. ఫిలమెంటు చల్లబడిన కొలది దాని శక్తిలో వెలుగుగా మారు భాగము మరింత చిక్కిపోవును. పై ఉదాహరణలో తరంగమును సగముగా కోసినచో ఫలవోల్టేజి సుమారు 163 వోల్టులగును. అప్పుడు వెలుగు మొదటిదానిలో ఇంచుమించు 30 శాతమునకు పడిపోవును. ఖర్చు మాత్రము 57 శాతము ప్రాంతమున నిలుచును. అనగా వెలుగు మూడవవంతుకన్న తక్కువ, ఖర్చు సగముకన్న ఎక్కువ. ఇందు నిజమైన లాభము బల్బు ఆయువు పెరుగుటయే.

ఎల్.ఇ.డి. దీపమున ఈ దోషము లేదు. దాని వెలుగు సగమైనచో ఖర్చు కూడ ఇంచుమించు సగమగును. పైగా కంటి స్వభావము గృహస్థునకు అనుకూలమైనది. వెలుతురు కొలమానముపై నాలుగవవంతుకు దిగినను కంటికి సగమైనట్లే తోచును. కావున డిమ్మరును సమర్థించువారి మాట ఇంతవరకు సబబే.

కాని లెక్క ఇంకను ఒక అడుగు ముందుకు పోవలెను. స్మార్టు డిమ్మరు ఫోను పిలుపుకొరకు రేయింబవళ్ళు మేలుకొని యుండవలెను. దీపము ఆరియున్నపుడు కూడ దాని లోపలి రేడియో కొంత కరెంటు తినుచుండును. అది ఒక వాటు అనుకొనుడు. సంవత్సరమునకు 8,760 గంటలు గనుక సంవత్సరమునకు 8.76 యూనిట్లు ఖర్చగును. ఇక 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము దినమునకు 5 గంటల చొప్పున నిండుగా వెలిగినచో సంవత్సరమునకు 16.4 యూనిట్లు. దానిని ఎల్లప్పుడును సగము ఖర్చుకు తగ్గించి వాడినను మిగులునది 8.2 యూనిట్లు. మేలుకొని యుండుటకే 8.76 యూనిట్లు! ఆదా అంతయు కావలికాని జీతమునకే చాలలేదు. ఆ మెలకువ ఖర్చు అర వాటు అయినను, ఆదాలో సగము దానికే పోవును.

అయితే ఒకే డిమ్మరుక్రింద పది దీపములున్న హాలులో లెక్క తారుమారగును. అచ్చట సగము తగ్గించుటచే సంవత్సరమునకు 82 యూనిట్లు మిగులును. కావలి ఖర్చు అదే 8.76. కనుక ఆదా అనునది పరికరములో లేదు. దాని క్రిందనున్న దీపముల సంఖ్యలోను, వాడు గంటలలోను ఉన్నది. ఒక్క దీపపు గదిలో గొప్ప ఆదా వేరొకచోట ఎప్పుడో వచ్చినది. 60 వాట్ల ఫిలమెంటు బల్బు దినమునకు 5 గంటల చొప్పున సంవత్సరమునకు 109.5 యూనిట్లు వాడును. దాని స్థానమున 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమును పెట్టినచో 93 యూనిట్లు మిగులును. 2015 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ఉజాలా పథకము ఈ మార్పును దేశమంతట వ్యాపింపజేసినది. మిగిలిన చిన్న భాగమునుండి మరల పెద్ద ఆదాను పిండెదమనుట అతిశయోక్తి.

రెండవ మాట: ఏ దీపమునకైనను

కోసిన తరంగము ఫిలమెంటునకు ఇబ్బంది కలిగింపదు. ఎర్రగా కాలిన తీగ వంతుకు వంతుకు నడుమ చల్లారునంత వ్యవధి ఉండదు. ఆ మొదటి డిమ్మర్లు పుట్టినది అట్టి దీపములకొరకే. ఎల్.ఇ.డి. దీపము మరియొక జాతిది. దాని అడుగుభాగమున చిన్న విద్యుత్ పరికరమొకటి ఉండును. దీనిని డ్రైవరు అందురు. అది ఏకాంతర విద్యుత్తును ఏకముఖముగా మార్చి, నిలకడయైన ప్రవాహమును ఎల్.ఇ.డి.కి అందించును. వోల్టేజి తగ్గినను వెలుగు తగ్గకుండ చూచుటయే మంచి డ్రైవరు యొక్క ధర్మము. డిమ్మరు కోరునది సరిగా దీనికి విరుద్ధము. ఒకటి తగ్గింపజూచును, మరియొకటి నిలుపజూచును. ఈ పెనుగులాటకు గుర్తులే దీపము రెపరెపలాడుట, జుమ్మని మ్రోగుట, కొంతవరకు తగ్గి హఠాత్తుగా ఆరిపోవుట.

ఇందులకు మరి రెండు కారణములు కలవు. ట్రయాక్ ద్వారము తెరచియుండుటకు దానిగుండ కనీసపు ప్రవాహమొకటి పోవుచుండవలెను. 60, 100 వాట్ల బల్బులు ఆ ప్రవాహమును సులభముగా తీసికొనును. 9 వాట్ల దీపము కొన్ని వేళల తీసికొనలేదు. ద్వారము నడుమనే మూసుకొనును, దీపము అదరును. ఇక రెండవ కారణము డ్రైవరులోని కెపాసిటర్. తరంగము మధ్యలో తటాలున తెరచినపుడు అది ఒక్క గ్రుక్కలో నిండవలెనని పెద్ద ప్రవాహమును లాగును. కనుక డిమ్మరుపై 400 వాట్లని వ్రాసియున్నంత మాత్రమున 400 వాట్ల ఎల్.ఇ.డి. దీపములను తగిలింపరాదు. ఎల్.ఇ.డి.లకు వేరుగా వ్రాసిన పరిమితినే చూడవలెను. తరంగము మొదటి భాగమును కోయుటకు బదులు చివరి భాగమును కోయు డిమ్మర్లు కూడ ఉన్నవి. వానిలో వోల్టేజి సున్ననుండి మెల్లగా లేచును గనుక ఎల్.ఇ.డి.లకు అవి సాధారణముగా ఎక్కువ అనుకూలము.

దీపముపై 'డిమ్మబుల్' అని వ్రాసియుండుట అవసరము. కాని అది చాలదు. డిమ్మబుల్ దీపములన్నియు డిమ్మర్లన్నింటితోను కుదురవు. మాట వ్రాయనిది అసలే వద్దు. తనలోనే రేడియో గల స్మార్టు బల్బునకు డిమ్మరు తగిలించుట మరియొక పొరపాటు. దానికి నిండు తరంగమే కావలెను.

ఈ రెపరెప నేతపనివారి విషయమున చిన్న సంగతి కాదు. నాసిరకపు దీపము సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులగుచుండును. సూటిగా చూచినపుడు అది కనబడకపోవచ్చును. కదలుచున్న వస్తువుపై బయటపడును. నాడె సెకనుకు 5 మీటర్ల వేగముతో పోవుచున్నదని అనుకొనుడు. 10 మిల్లీసెకన్లలో అది 5 సెంటీమీటర్లు జరుగును. అప్పుడు కంటికి ఒక నాడె కాక, 5 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున నాడెల వరుస తోచును. దినమంతయు పడుగు పేకలపై దృష్టి నిలుపు వ్యక్తికి ఇది తలనొప్పికిని, కంటిశ్రమకును దారితీయవచ్చును. ఐ.ఇ.ఇ.ఇ. అను అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ 2015లో ప్రకటించిన 1789 సంఖ్య గల సూచన ప్రకారము, సెకనుకు 100 సార్లు మారు వెలుగులో హెచ్చుతగ్గు 8 శాతమునకు లోబడియున్నచో ముప్పు స్వల్పము. మగ్గముపై దీపమునకు ఈ నియమమే ముఖ్యము, ఫోను కాదు.

నిజమునకు మగ్గమునకు డిమ్మరే అక్కరలేదు. అచ్చట కావలసినది నిలకడయైన దీపము, దానిని తగినంత దగ్గరకు దింపుట, కంటిలో పడకుండ పైన ఒక తొడుగు. చిన్న దీపమునుండి వచ్చు వెలుతురు దూరముయొక్క వర్గమునకు విలోమముగా మారును. రెండు మీటర్ల ఎత్తునున్న దీపమును ఒక మీటరుకు దింపినచో బట్టపై వెలుతురు సుమారు నాలుగు రెట్లగును. ఇందుకు ఖర్చు సుమారు ఒక మీటరు తీగ మాత్రమే.

మూడవ మాట: ఎవరైనను బిగించుకొనవచ్చును

మామూలు స్విచ్చికి రెండు తీగలు చాలును: లోనికి వచ్చు ఫేజు, దీపమునకు పోవు ఫేజు. స్మార్టు డిమ్మరు తాను కూడ బ్రతుకవలెను గనుక దానికి చాలవరకు న్యూట్రల్ తీగ కూడ కావలెను. ఇచ్చటి ఇండ్లలో స్విచ్చిబోర్డుపైననే ప్లగ్గుపాయింటు ఉండుట వాడుక. అట్టి బోర్డులోనికి న్యూట్రల్ వచ్చియే యుండును. ఇది ఒక అదృష్టము. ప్లగ్గు లేని బోర్డులలోను, మేడమెట్ల రెండువైపుల స్విచ్చులలోను న్యూట్రల్ ఉండకపోవచ్చును. న్యూట్రల్ అక్కరలేని రకము కొన్నచో అది దీపముగుండనే కొంచెము ప్రవాహమును లాగుకొని బ్రతుకును. ఫలితముగా ఆర్పిన ఎల్.ఇ.డి. దీపము రాత్రియంతయు మిణుకుమిణుకుమనవచ్చును. దీనికి దీపముతో సమాంతరముగా బైపాస్ అను చిన్న భాగమును కలుపవలసి వచ్చును.

కనుక ఈ పని 'ఎవరైనను' చేయదగినది కాదు. అర్హతగల ఎలక్ట్రీషియన్ చేయవలసినది. అతడు మొదట మెయిన్ స్విచ్చిని దింపి, టెస్టరుతో కరెంటు లేదని నిర్ధారించుకొనవలెను. డిమ్మరును ఫేజు తీగయందే ఉంచవలెను గాని న్యూట్రల్ యందు ఉంచరాదు. ఎర్తు తీగ సరిగా ఉన్నదేమో చూడవలెను. బోర్డు పెట్టె లోతు చాలనిచో పరికరమును క్రుక్కరాదు. పనిచేయు డిమ్మరు కొంత వేడెక్కును, దానికి గాలి కావలెను. కోనసీమవంటి తేమగల చోట తీగకొనలు చిలుమెక్కి వదులగుట సులభము గనుక మరలు గట్టిగా బిగియవలెను. దీపపు డిమ్మరునకు ఫ్యానును తగిలింపరాదు. అన్నింటికన్న ముఖ్యమైనది: డిమ్మరుపై దీపమును ఆర్పినంత మాత్రమున తీగలో కరెంటు పూర్తిగా తెగినట్లు కాదు. బల్బు మార్చునపుడు ఎం.సి.బి.ని కూడ దింపవలెను.

ఇక ఫోను సంగతి. ఈ పరికరములలో పెక్కు 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫై తరంగములతో పనిచేయును. కొన్నింటికి ఇంటి బయటనున్న తయారీదారుని కంప్యూటరుతో సంబంధము కూడ కావలెను. ఆ సంబంధము తెగిన దినమున దీపము వెలుగునా? 1996 నవంబరు 6వ తేదీనాటి తుపాను కోనసీమను దెబ్బతీసిన సంగతి అచ్చటివారు మరువలేదు. అట్టి ప్రదేశమున ఈ ప్రశ్న వేడుకకు అడుగునది కాదు. ఇంటర్నెట్ లేకున్నను గోడమీది మీట నొక్కగానే వెలుగు డిమ్మరే డిమ్మరు. కరెంటు పోయి వచ్చిన పిమ్మట అది ఏ స్థితిలో ఉండునో కూడ తెలిసికొనవలెను. అర్ధరాత్రి కరెంటు రాగానే ఇల్లంతయు భగ్గున వెలుగుట ఎవరికిని ఇష్టము కాదు. ఇంటిలో చదరపు తరంగమునిచ్చు ఇన్వర్టరు ఉన్నచో మరియొక చిక్కు. తరంగము క్రమముగా లేచి దిగు ఆకృతిని నమ్ముకొని డిమ్మరు దానిని కోయును. ఆ ఆకృతియే లేనపుడు దాని లెక్క తప్పవచ్చును.

తీర్పు

పైన చెప్పిన దోషములను చూచి ఈ సాధనము పనికిరానిదనుట న్యాయము కాదు. రోగి యున్న గదిలోను, పసిబిడ్డ నిద్రించు చోటను, ముసలివారు రాత్రి నడచు వసారాలోను, మెల్లగా పెరిగి మెల్లగా తగ్గు వెలుగు గొప్ప సుఖము. మంచము దిగలేనివారికి చేతిలోని ఫోనుతో దీపము ఆర్పగలుగుట సుఖము మాత్రమే కాదు, స్వాతంత్ర్యము. పెక్కు దీపములున్న హాలులో ఆదా కూడ నిజమే. దోషము సాధనమునందు కన్న దానిని పొగడు తీరునందు ఎక్కువగా ఉన్నది. సుఖమును సుఖమని చెప్పి అమ్మక, ఆదా అని చెప్పి అమ్ముట సరికాదు.

ఎంచుకొను క్రమము కూడ తలక్రిందులుగా జరుగుచున్నది. చాలమంది మొదట ఫోనును చూచి, తరువాత డిమ్మరును కొని, చివరకు దీపమును తలచుకొందురు. మొదట దీపము, తరువాత దానికి కుదురు డిమ్మరు, ఆ పిమ్మట ఫోను: ఇది సరియైన వరుస. దీపము భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 16102కు లోబడినదా, డిమ్మబుల్ అని వ్రాసియున్నదా? డిమ్మరుపై ఎల్.ఇ.డి. పరిమితియు, కనీసపు వాట్లును వ్రాసియున్నవా? బోర్డులో న్యూట్రల్ ఉన్నదా? వైఫై లేనపుడు మీట పనిచేయునా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు దొరకిన పిదప కూడ ఒక్కదానిని మాత్రమే కొని, నెలదినములు చూచి, తక్కినవి కొనుట వివేకము. చిన్న ఇంటికి అంతకన్న సులభోపాయమొకటి కలదు: 9 వాట్ల దీపమొకటి, 3 వాట్ల దీపమొకటి, రెండు మామూలు స్విచ్చులు. రెండింటితో మూడు విధముల వెలుగు లభించును. మేలుకొని యుండుటకు కరెంటు ఖర్చు ఏమియు లేదు.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో తేలికగా చూపవచ్చును. దీపము ముందర పెన్సిలును వేగముగా ఊపినపుడు అది విడివిడి గీతలుగా కనబడినచో రెపరెప ఉన్నదన్నమాట. ఒకే మసక పొరగా కనబడినచో దీపము మేలైనది. ఫోను కెమెరాలో నల్లని పట్టీలు కదలుట కూడ అదే గుర్తు. డిమ్మరు బిగించియున్న గదిలో 60 వాట్ల ఫిలమెంటు బల్బు దొరకినచో, తక్కిన దీపములను, ఫ్యానులను ఆపి మీటరుపై మెరయు ఎర్రచుక్కను లెక్కింపవచ్చును. యూనిట్‌కు 3200 మెరుపులు గల మీటరుపై నిండు వెలుగున 10 నిమిషములకు 32 మెరుపులు రావలెను. ఆ పిమ్మట వెలుగు తగ్గించి, మెరుపులెంత తగ్గినవో, కాగితముపై వెలుతురెంత తగ్గినదో పోల్చి చూడవలెను. వెలుతురే ఎక్కువ తగ్గినదని విద్యార్థి తానే కనుగొనును. తీగలు విప్పి చూపు పని మాత్రము తరగతిలో తగదు. పెట్టెమీది మాటను లెక్కతో సరిచూచు అలవాటు విద్యార్థికి ఇచ్చట కుదిరినచో, రేపు వేరొక వస్తువు కొనునపుడు కూడ అది అతనికి తోడుండును.